కనిపెట్టిన తేది

సరోజ మూడో రోజు కూడా అన్నం ముట్టలేదు.

ఉపవాసాలు ఆ ఇంటికి కొత్త కాదు. శుక్రవారమని, ఈస్టరు ముందు శ్రమల దినాలని, పక్కింటివాళ్ల గేదె ఈనలేక అవస్థ పడుతోందని, ఏదో ఒక వంకన సరోజ ఒక పూట మానేస్తూనే ఉంటుంది. కానీ ఉపవాసమంటే ఆవిడ మోకాళ్ల మీద ఉండాలి, పెదవులు కదులుతూ ఉండాలి. ఈసారి అదేం లేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గోడకి ఆనించిన నల్లరాయి వంక చూస్తూ కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం గుడివాడ నుంచి ఆ రాయి దిగింది మొదలు అదే తంతు.

"అమ్మా, కాస్త మజ్జిగన్నా తాగు," అన్నాడు శ్యాంబాబు, గ్లాసు ముందుకి చాపి.

శ్యాంబాబు పెద్దకొడుకు. గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరరు. రాయి చేయించింది అతనే, అందులో తప్పు దొర్లిందీ అతని మూలానే. అందుకని గొంతు మరీ మెత్తగా పెట్టి మాట్లాడుతున్నాడు. క్లాసులో పిల్లలు వింటే నవ్విపోతారు.

"అక్కడ పెట్టు," అంది సరోజ, రాయి మీంచి చూపు తిప్పకుండా.

రాయి మీద ఉన్నది ఎంతో లేదు. పైన ఒక సిలువ. దాని కింద 'ఉదయ్ కిరణ్'. దాని కింద 'కనిపెట్టిన తేది: 23 నవంబరు'. ఆ పక్కన సంవత్సరం వెయ్యడానికి నాలుగంకెల జాగా ఖాళీగా వదిలేసి ఉంది.

ఉదయ్ కిరణ్ సరోజ చిన్నకొడుకు. ఏడేళ్ల కిందట నవంబరు ఇరవయ్యో తేదీన ఇంకో ఇద్దరితో కలిసి హంసలదీవి దగ్గర బోటెక్కి సముద్రంలోకి వెళ్లాడు. ఆ ఇద్దరి శవాలూ దొరికాయి. ఉదయ్ దొరకలేదు. ఎల్లుండి ఆదివారం ఇరవై మూడో తేదీ.

కోడూరులో ఈ సంగతి పాకడానికి ఒక రోజు చాలింది. గురువారం సాయంత్రానికే గేటు దగ్గర ఆడవాళ్లు నిలబడటం మొదలుపెట్టారు. లోపలికి రారు. రాయిని చూస్తారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు, వెళ్లిపోతారు. 'ఆదివారం ఉదయ్ దొరుకుతాడంట' అని ఒకావిడ అంటే, 'ఎలా దొరుకుతాడంటావు?' అని ఇంకొకావిడ అడిగింది.

వంటింట్లోంచి హేమ వచ్చింది. ఉదయ్ భార్య. ఊళ్లోని హెల్త్ సెంటర్లో నర్సు. డ్యూటీకి వెళ్లాల్సిన టైము దాటిపోయింది.

"బావగారూ, ఆయన ఎప్పుడొస్తానన్నాడు?"

"నాగేశ్వరరావా? రేపు నాలుగింటికి. ఉలీ సుత్తీ తెచ్చుకుని ఇక్కడే దిద్దేస్తానన్నాడు. పాపం, తప్పు తెలిసిందగ్గర్నుంచి ఆయనకీ నిద్ర లేదంట."

"మీరు కాయితం మీద రాసిచ్చుంటే ఈ గొడవే లేదు కదండీ."

"రాసిద్దామనే అనుకున్నానమ్మా. బండి మీద ఉన్నాను, ఫోన్‌లో చెప్పేశాను. ప్రభువు రాకడ కొరకు కనిపెట్టుచున్నాడు, అని చెప్పాను. కింద ఆదివారం తేదీ వెయ్యమన్నాను, ఆ రోజే కదా వాడి జ్ఞాపకార్థం కూడిక అని. చర్చి భాష ఆయనకేం తెలుసు?"

అదీ సంగతి. చర్చిలో కనిపెట్టడమంటే ఎదురుచూడటం. తొట్లో ఉన్నప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగినవాళ్లకి ఇంకో అర్థం ఉందన్న గుర్తే ఉండదు. గుడివాడ నాగేశ్వరరావు గుళ్ల శంకుస్థాపన ఫలకాలూ, కూడళ్లలో విగ్రహాల దిమ్మెలూ చెక్కే మనిషి. ఆయన భాషలో కనిపెట్టడమంటే వెతికి పట్టుకోవడం. సముద్రంలో పోయిన కుర్రాడు, కనిపెట్టడం, ఒక తేదీ. మూడూ కలిపి చూసుకుని, శవాన్ని కనుక్కున్న తేదీ కాబోలనుకుని శుభ్రంగా చెక్కేశాడు. ఏ సంవత్సరమో చెప్పలేదు గనక జాగా వదిలాడు.

"దిద్దడం సరేనమ్మా. దిద్ది ఏం రాయమంటావు?" అన్నాడు శ్యాంబాబు. "పాస్టరు గారి మాట నువ్వూ విన్నావుగా. సమాధుల దొడ్లో రాయి నిలబెట్టాలంటే ప్రభువునందు నిద్రించిన తేదీ ఉండాలంట. భార్య సంతకం ఉండాలంట. తేదీ నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"ఏమని?"

"రేపు చెప్తానండీ."

మెట్ల మీద కూర్చున్న సీమోను గొంతు సవరించుకున్నాడు. సరోజ భర్త. కాలవ లస్కరుగా చేసి రిటైరయ్యాడు. నీళ్లు ఎప్పుడొదలాలో ఎప్పుడు కట్టెయ్యాలో తప్ప లోకంలో దేనిమీదా ఆయనకి అభిప్రాయం లేదని సరోజ దెప్పుతూ ఉంటుంది.

"ఆదివారం దాకా ఉంచితే ఏం పోయింది? మీ అత్తయ్య ఆ మాట మీద ఆశ పెట్టుకుంది," అన్నాడు.

"ఆదివారం పోయాక సోమవారం వస్తుంది కదా మావయ్యా. అప్పుడేం చేద్దాం?"



ఇంతలో ఏంజెల్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. హేమ కూతురు. ఆ రోజుతో ఏడు నిండాయి. గులాబీ రంగు కొత్త గౌను తనే వేసుకుంది, వెనక హుక్కు పెట్టేవాళ్లు లేక చేత్తో పట్టుకుని ఉంది.

"పెదనాన్నా, ఆదివారం నాన్న వస్తారా? లేకపోతే ఆదివారం చచ్చిపోతారా?"

హేమ వెళ్లి హుక్కు పెట్టింది.

మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు దిగి విజయకుమారి వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ బైబిల్ ఉమన్‌గా తిరిగిన మనిషి. మోకాళ్లు అరిగిపోయినా నోరు అరగలేదు. సరోజకి సొంత అక్క కాదు గానీ, అక్కకంటే ఎక్కువ. చెప్పులు విడిచి, రాయిని చదివి, సరోజని చూసి, నేరుగా వంటింట్లోకి నడిచింది.

"ఆశ వద్దంటున్నావంట," అంది హేమతో, పీట లాక్కుని కూర్చుంటూ.

"వద్దండీ."

"ఎందుకని?"

హేమ పొయ్యి ఆపింది. ఏడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. 'ఆశ విడవకు' అని చెప్పినవాళ్లే తప్ప, ఎందుకు విడవాలనుకుంటున్నావని అడిగినవాళ్లు లేరు.

"ప్రతి జూన్‌లో ఏంజెల్ స్కూలు ఫారం ఇస్తారండీ. తండ్రి పేరు రాస్తాను. పక్కన ఉన్నారా లేరా అని గడి ఉంటుంది. ఖాళీగా ఇస్తాను. మేడం పిలిచి అడుగుతుంది. మీ ఇష్టమండీ అంటాను. నా మొగుడు ఉన్నాడో లేడో ఆ మేడం ఇష్టానికి వదిలేశాను. ఆవిడ ఒక ఏడాది ఉన్నారని కొట్టింది, ఒక ఏడాది లేరని కొట్టింది. ఇంతకన్నా కనిపెట్టుకుని ఉండటం నా వల్ల కాదు."

"ఎవరి కోసం కనిపెట్టుకుని ఉన్నావు? ఉదయ్ కోసమా, ప్రభువు కోసమా?"

"ఈ ఇంట్లో రెండూ ఒకటేగా. ఉదయ్ రాడని అంటే ప్రభువుని నమ్మట్లేదని అర్థం. ఒకసారి నోరు జారాను. అత్తయ్య నెల రోజులు మాట్లాడలేదు."

"నేను చెప్పానా అలాగని?"

"మీరు చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు."

విజయకుమారి తల వంచుకుంది. ఆ దెబ్బ తగిలింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో పెద్దరికం తగ్గింది.

"మనవాళ్లు సమాధి మీద రాయి ఎందుకు పెడతారే? అయిపోయింది, ఇంక పోండి అని కాదు. లేపేవాడు వచ్చేదాకా ఇక్కడ పడుకున్నాడు అని. రాయి పెడితే ఆశ పోదు. వాడు ఆదివారం బస్సు దిగి రావడమే ఆశ అనుకుంటే మాత్రం, అది ఇవాళ కాకపోతే రేపు పోతుంది. నేను ముందే చెప్పాల్సింది. మీ అత్తయ్య ముఖం చూసి చెప్పలేకపోయాను."

"అయితే ఇప్పుడు వెళ్లి చెప్పండి."

విజయకుమారి లేచి వరండాలోకి వెళ్లింది. హేమ తలుపు దగ్గర నిలబడి వింది.

"సరోజా. లేచి కాస్త ఎంగిలిపడవే."

"అక్కా, దేవుడు రాళ్ల మీద రాస్తాడా?"

విజయకుమారి ఊరడించే ఉద్దేశంతోనే అంది. "ఎందుకు రాయడు? సీనాయి కొండ మీద రెండు రాతిపలకల మీద పది ఆజ్ఞలు రాశాడుగా."

సరోజ ముఖంలో రక్తం లేకుండా పోయింది. సంతోషపడ్డ మనిషి ముఖం అలా ఉండదని హేమకి అనిపించింది. నర్సు గనక ముఖాలు చూడటం అలవాటు. ఆపరేషన్ కాయితాలు చేతికొచ్చినప్పుడు మనుషుల ముఖాలు అలా ఉంటాయి.

సాయంత్రం ఏడింటికి ప్రార్థన.

ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థనకి ఒక వరస ఉంది. అందరికన్నా చిన్నవాళ్లు ముందు వాక్యం చెప్పాలి, తర్వాత పైవాళ్లు. ఏంజెల్, హేమ, ఆ తర్వాత ఉదయ్ వంతు. ఉదయ్ ఎప్పుడూ ఒకటే వాక్యం చెప్పేవాడు, బైబిల్లో అన్నిటికన్నా చిన్నది, 'యేసు కన్నీళ్లు విడిచెను' అని. మూడు మాటల్లో ముగించి అన్నం ముందుకి పరిగెత్తేవాడు. వాడు పోయిన దగ్గర్నుంచి ఆ వంతు దాటెయ్యడానికి సరోజ ఒప్పుకోలేదు. ఆ మూడు మాటలు చెప్పేంతసేపు అందరూ ఊరుకుంటారు. సరోజ 'ఆమెన్' అంటుంది. అప్పుడు శ్యాంబాబు వంతు. కొత్తగా వచ్చినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఇంట్లోవాళ్లకి అలవాటైపోయింది.

ఏంజెల్ చెప్పింది. పుట్టినరోజు కదా, పెద్ద వాక్యం తప్పుల్లేకుండా చెప్పింది. హేమ చెప్పింది. తర్వాత అందరూ ఊరుకున్నారు.

అదే సమయానికి కరెంటు పోయింది. ఊరి చుట్టూ రొయ్యల చెరువుల్లో పగలూ రాత్రీ నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ మోత ఉందని ఎవరికీ గుర్తుండదు, ఆగితేనే తెలుస్తుంది. చీకట్లో మనుషుల ఊపిరి వినపడుతోంది. ఆరుగురు కూర్చున్నారు.

సరోజ ఆమెన్ అనలేదు.

మూడు మాటల సేపు దాటింది. పది మాటల సేపు దాటింది. ఏంజెల్ తల్లి చెయ్యి పట్టుకుంది. శ్యాంబాబు ఫోన్‌లో లైటు వెయ్యబోయి ఎందుకో మానుకున్నాడు. తలుపు తీసే ఉంది. వరండాలో రాయి ఉండాల్సిన చోటు తక్కిన చీకటికన్నా ఒక మెట్టు నల్లగా కనిపిస్తోంది. ఎవరో అక్కడ నిలబడి వంతు కోసం చూస్తున్నట్టు హేమకి అనిపించి భయమేసింది. తన సొంత మొగుడంటే భయమేమిటని తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఏమే," అన్నాడు సీమోను చివరికి. "ఆమెన్ అను."

"ఇవాళ వాడు చెప్పలేదండీ," అంది సరోజ.

"ఏంటమ్మా?" అన్నాడు శ్యాంబాబు.

"ఏడేళ్లూ చెప్పేవాడు. ఇవాళ చెప్పలేదు."

కరెంటు వచ్చింది. ఏరేటర్లు మళ్లీ మోత మొదలెట్టాయి. సరోజ అప్పటికే లేచి వరండాలోకి వెళ్లిపోయింది. శ్యాంబాబు వంతూ, ఆ పైవాళ్ల వంతులూ ఆ రోజు మిగిలిపోయాయి. ఏంజెల్ కేకు కొయ్యకుండా నిద్రపోయింది.

శనివారం తెల్లవారి ఆరింటికి హేమ నీళ్ల కోసం బయటికి వచ్చింది. మంచు చెరువుల మీంచి లేచి వాకిట్లోకి వచ్చేసింది. గేటు కనపడటం లేదు. వరండాలో గరగరమని ఏదో గీరుతున్న చప్పుడు, ఆగి ఆగి వస్తోంది.

సరోజ రాయి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పక్కన ఉప్పు గిన్నె. చేతిలో కొబ్బరిపీచు. తలలో ఒక్క వెంట్రుక కూడా దువ్వెన చూడలేదు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"మరక. పోవట్లేదు."

హేమ వంగి చూసింది. రాయి అంతా మంచుకి సన్నగా చెమ్మగిల్లింది. సిలువ మీద దుమ్ము అలాగే ఉంది. కొడుకు పేరు మీద దుమ్ము అలాగే ఉంది. ఆవిడ రుద్దుతున్నది ఒక్క 23 మీదే. రెండంకెల చుట్టూ నలుపు పాలిపోయి బూడిద రంగుకి తిరిగింది, సందుల్లో ఉప్పు పేరుకుంది. ఆ ఉప్పు ఎర్రగా ఉంది.

"చెయ్యి ఇటివ్వండి."

మూడు వేళ్ల చివర్లు చితికిపోయి ఉన్నాయి. గోళ్ల దగ్గర చర్మం లేచింది. ఉప్పు తగులుతున్నా ఆవిడకి నొప్పి తెలుస్తున్నట్టు లేదు. హేమ లోపలికి వెళ్లి దూదీ బ్యాండేజీ తెచ్చి, వరండా నేల మీదే కూర్చుని కట్టు కట్టింది.

"ఎన్నాళ్ల నుంచి రుద్దుతున్నారు?"

"వచ్చిన రోజు నుంచి. రాత్రిళ్లు."

"ఆ మాట మీకు దేవుడి వాగ్దానంలా వచ్చిందనుకున్నాం. మావయ్య అందరికీ అదే చెప్తున్నారు. ఆదివారం కోసం కనిపెట్టుకుని ఉంది, ఎవరూ కదిలించొద్దు అని."

సరోజ రెండో చేత్తో మళ్లీ పీచు అందుకోబోయింది.

"ఆశే అయితే ఎందుకు చెరిపేస్తున్నారత్తయ్యా?"

"నీకు పుణ్యముంటుంది, మీ మావయ్యకి చెప్పకు," అంది సరోజ. "సాయంత్రం ఆ చెక్కేవాణ్ని ముందు అది తీసెయ్యమను. పేరు ఉంచినా సరే. ఆ అంకెలు తీసెయ్యమను."

హేమ అత్త ముఖంలోకి చూసింది. ఏడేళ్లలో ఆవిడ కోపం చూసింది, మొండితనం చూసింది, వినేవాళ్లకే విసుగొచ్చేంత నమ్మకం చూసింది. ఇది మాత్రం కొత్త. ఆవిడ భయపడుతోంది.

నాగేశ్వరరావు అన్నట్టే నాలుగింటికి వచ్చాడు. పొట్టిగా, నుదుట విభూతితో, ముఖమంతా క్షమాపణలా ఉన్న మనిషి. సుత్తీ ఉలీ గోనెసంచిలోంచి తీస్తూ అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు.

"తప్పు నాదేనండీ. బల్బు కనిపెట్టారు, రేడియో కనిపెట్టారు అంటాం కదండీ, ఆ లెక్కలో పోయాను. మీవాళ్లలో ఆ మాటకి వేరే అర్థముందని శ్యాంబాబు గారు చెప్తేనే తెలిసింది. పైన పొర తీసేసి కొత్తగా చెక్కుతాను. ఏం చెక్కమంటారో చెప్పండి."

శ్యాంబాబు జేబులోంచి కాయితం తీశాడు. ఈసారి రాసుకున్నాడు. "ప్రభువునందు నిద్రించిన తేది. అంతవరకూ రాయండి. తేదీ మా మరదలు చెప్తుంది."

అందరూ హేమ వంక చూశారు. సీమోను మెట్ల మీదే ఉన్నాడు. విజయకుమారి ఊరికి వెళ్లకుండా ఆగిపోయింది. ఏంజెల్‌ని పక్కింటికి పంపించారు. సరోజ కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

హేమ నోరు తెరిచింది. రాత్రంతా అనుకున్న అంకె గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇరవై వేద్దామా? బోటెళ్లిన రోజు," అన్నాడు శ్యాంబాబు సాయం చేస్తున్నట్టు.

"ఇరవైన ఒడ్డు దాటకముందు ఫోన్ చేశారు. ఇడ్లీ తిన్నావా అని అడిగారు. మధ్యాహ్నం మళ్లీ చేస్తానన్నారు. ఆ రోజు ఎలా వేస్తారండీ?"

"పోనీ ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటిన ఏంజెల్ పుట్టింది. పుట్టినరోజుకీ నాన్న పోయిన రోజుకీ ఒకటే తేదీ పెట్టమంటారా దానికి?"

"ఇరవై రెండు?"

"ఇరవై రెండున ఆ ఇద్దరూ దొరికారు. ఆయన దొరకలేదు. దొరకలేదంటే బతికున్నట్టే కదమ్మా అని ఆసుపత్రికి వచ్చి మీరే చెప్పారు. నేను ఆ మాట పట్టుకుని పిల్లకి పాలిచ్చాను." హేమ రాయి వైపు తిరిగింది. "నాకు రాయి కావాలి. నిజంగానే కావాలి. ఏ రోజున చచ్చిపోయాడో నన్ను చెప్పమంటే మాత్రం ఎలా? నేను ఏ తేదీ చెప్తే ఆ తేదీన ఆయన్ని నేనే చంపినట్టుంటుంది."

నాగేశ్వరరావు ఇబ్బందిగా ఉలిని అరచేతిలో తిప్పుకున్నాడు. పనివాడు కదా, తన పని సులువయ్యే దారి తనకి తోచింది.

"ఇరవై మూడు ఎలాగూ ఉందండీ. లోతుగా దిగింది కూడా. పైన ముక్క ఒక్కటీ మార్చి, అంకెలు అలాగే ఉంచేస్తే..."

"ఇరవై మూడు నిజమే," అంది సరోజ.

అందరూ అటు తిరిగారు.

"ఆయన తప్పేం చెక్కలేదు. ఆ మాటా నిజమే, తేదీ నిజమే."

"ఏంటమ్మా అంటున్నావు?" అన్నాడు శ్యాంబాబు.

"ఆ ఇరవై మూడున నువ్వూ మీ నాన్నా పడవల్లో తిరుగుతున్నారు. ఇది ఆసుపత్రిలో పచ్చి బాలింత. బందరు నుంచి కానిస్టేబులు ఫోన్ చేశాడు. ఒడ్డుకి ఒక మనిషి కొట్టుకొచ్చాడు, ఎవరైనా వచ్చి చూడండని. అక్కని తీసుకుని బస్సెక్కాను."

"అది మాకు తెలుసుగా. వేరే ఎవరో అన్నావు."

"అన్నాను."

"నేను బయట బల్ల మీద కూర్చున్నాను," అంది విజయకుమారి మెల్లగా. "వచ్చి, మనవాడు కాదక్కా అన్నావు. ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని వచ్చేశాం."

"చూడకుండా చెప్పానక్కా."

మాట అందరికీ వినపడింది. అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. సీమోను మెట్ల మీంచి లేచాడు, ఎక్కడికి వెళ్లాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"తెల్లగుడ్డ కప్పి ఉంది," అంది సరోజ. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, అప్పజెప్పే పాఠంలా చెప్పుకుపోతోంది. "ఆ అబ్బాయి తియ్యబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. వద్దు బాబూ, మావాడు కాదు, మావాడు ఇంకా పొడుగు, అన్నాను. పొడుగో పొట్టో నాకేం తెలుసు, నేను గోడ వంక చూస్తున్నాను. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను."

"ఎందుకమ్మా?" శ్యాంబాబు గొంతులో మెత్తదనం పోయింది. "ఏడేళ్లమ్మా. ఈ పిల్ల ఏడేళ్లు. ఎందుకలా చేశావు?"

"చూస్తే వాడే అవుతాడేమోనని."

సరోజ చేతికట్టు అంచు లాక్కుంటూ ఉంది.

"చూడకపోతే రేపైనా వస్తాడు కదా అనుకున్నాను. రోజూ ప్రభువుని అడిగాను, నా కొడుకుని తీసుకొచ్చి చూపించమని. నోటితో అడుగుతూనే ఉన్నాను, లోపల మాత్రం ఒకటే గుచ్చేది. ఒకసారి తెచ్చి చూపించాడేమో, నేనే కాదన్నానేమో. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. రాయి మీద గోనెపట్టా తీశారు. కనిపెట్టిన తేది, ఇరవై మూడు అని ఉంది. ప్రభువు కాక ఇంకెవరు చెప్పుంటారు ఈ చెక్కే ఆయనకి?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు నాగేశ్వరరావు. ఉలి గోనెసంచి మీద పెట్టేశాడు. "నేను పొరపాటు పడ్డానంతే."

"నేనడగలేదు," అన్నాడు సీమోను ఉన్నట్టుండి. "ముఖం చూశావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నువ్వు లేదంటావేమోనని అడగలేదు."

హేమకి కోపం వచ్చింది. ఒళ్లంతా కాలినట్టు వచ్చింది. ఏడేళ్లు, జూన్ జూన్‌కీ ఆ ఫారం, ప్రతి సాయంత్రం ఖాళీ వంతు ముందు ఊపిరి బిగబట్టుకోవడం. ఇదంతా ఒక్క గుడ్డ ఎత్తి ఉంటే లేకుండా పోయేది. అత్త భుజాలు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. లేచి రెండడుగులు వేసింది కూడా. కుర్చీలో ముడుచుకుని, కట్టు కట్టిన వేళ్లతో, దెబ్బ కోసం చూస్తున్నట్టు కూర్చున్న ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి, ఆ రోజు తనని పంపించినా తను కూడా గోడ వంకే చూసేదని హేమకి తెలిసిపోయింది. కోపం పోలేదు. దాని పక్కనే ఇది కూడా ఉంది.

"వాళ్లు ఎక్కడ పూడ్చారత్తయ్యా?"

"అడగలేదు."

"బావగారూ, ఎవరో తెలియని శవమైతే ఏం చేస్తారు?"

శ్యాంబాబు ముఖం తుడుచుకున్నాడు. "కొన్నాళ్లు ఉంచి పూడ్చేస్తారు. ఫైలు కడతారు." ఆగాడు. "ఫొటో తీస్తారమ్మా. ముఖం ఫొటో. ఫైల్లో ఉంటుంది."



హేమ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న హ్యాండ్‌బ్యాగు తీసుకుంది. "నాగేశ్వరరావు గారూ, ఇవాళ ఏమీ చెక్కొద్దండీ. బావగారూ, కారు మాట్లాడండి. బందరు వెళ్దాం."

"ఇప్పుడా? శనివారం సాయంత్రం. ఏడేళ్ల నాటి ఫైలు ఎవరు తీస్తారమ్మా?"

"తీసేదాకా అక్కడే కూర్చుంటాను. కూర్చోవడం నాకు బాగా అలవాటైంది."

విజయకుమారి చెప్పులు వేసుకుంటోంది. సీమోను గేటు తీశాడు. సరోజ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది, మూడు రోజుల నీరసానికి తూలింది. హేమ వెనక్కి వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"నేనూ వస్తానే," అంది సరోజ. "నన్ను ఇక్కడ వదిలెయ్యకు."

"రండి," అంది హేమ. "ఈసారి మీరు బయట బల్ల మీద కూర్చోండి. లోపలికి నేను వెళ్తాను."